తడిపిన తాడు

మా లేతు, అదే ఇనుము చెక్కే మర, గొప్ప జాతిదేమీ కాదు. ఎక్కడో దొరల కార్ఖానాలో అరిగి, తుక్కులో చేరి, బెజవాడ నుంచి పడవ మీద వచ్చి ఏలూరు కాలవ గట్టున దిగింది. నేను దాన్ని కొన్ననాడు మా వీధిలో వాళ్ళందరూ ఒకటే నవ్వు. "ఈ కుంటి గుర్రాన్ని ఎవరంటగట్టారండీ మీకు?" అన్నాడు ఎదురింటాయన. నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఎవరైనా నవ్వితే చాలు, నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పదిమంది చూస్తూండగానే దాన్ని మా వసారాలో పెట్టించి, పసుపు రాసి, ఇక నా బతుకు దీనితోనే అన్నాను. అన్నట్టే అయింది.

ముప్పైల మొదట్లో మాట ఇది. అప్పటికి మా వీధిలో ఇంజను అన్నమాటే లేదు. లేతు తిరగాలంటే మనిషి తిప్పాలి. వసారా నేలలో గొయ్యి తీయించి, అందులో నిలువెత్తు కొయ్య చక్రం ఒకటి నిలబెట్టాను. దానికి పిడి. చక్రం మీద నుంచి ఒక జనపతాడు పైకి వెళ్ళి, లేతు కప్పీని చుట్టుకుని, మళ్ళీ కిందికి వచ్చేది. చక్రం కింద, లేతు పైన. అంటే తాడు లేతు ఇరుసును ఎప్పుడూ కిందికే గుంజుతూ ఉండేదన్నమాట. ఈ సంగతి మీరు గుర్తు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

చక్రం తిప్పే మనిషి మా ఆవిడ. వాళ్ళది కొల్లేటి గట్టున ఒక ఊరు. మా మామగారు దోనెలు కట్టే వడ్రంగి. పెళ్ళికి ముందు గడ వేసి దోనె నడిపిన మనిషి కాబట్టి భుజాలు గట్టివి, మాట మాత్రం బహు మెత్తన. పొద్దున్నే వంట ముగించుకుని, కొంగు బిగించి, గోతి పక్కన పీట వేసుకుని కూర్చునేది. నేను పైన ఇనుము చెక్కుతూంటే ఆమె కింద తిప్పుతూ ఉండేది. ఆమెకు నా పాదాలు కనిపించేవేమో. నాకు ఆమె నడినెత్తిన పాపిట కనిపించేది.

ఆమెకొక అలవాటు. పక్కనే ఒక చెంబుతో నీళ్ళు పెట్టుకుని, గంటకోసారి తాడు మీద చిలకరించేది. ఆ చుక్కలు లేతు మీద పడి తుప్పు పడుతుందని నాకు ఒళ్ళు మండేది.

"తాడు కుళ్ళిపోతుందే," అనేవాణ్ణి.

"తడిపితే బిగుస్తుందండీ. మా నాన్నగారు దోనె కట్లు తడిపే బిగిస్తారండీ."

"ఇది దోనె కాదు. లేతు."

"అలాగేనండీ," అనేది. మళ్ళీ గంటకు చిలకరించేది.

మొదటి వేసవిలోనే ఒక మధ్యాహ్నం ఆమె తిప్పడం ఆపేసింది. "ఏవండీ, మరలో ఏదో లేస్తోందండీ," అంది.

"ఏం లేస్తోంది?"

"ఏమోనండీ. తాడు వదులైనప్పుడల్లా లోపల ఏదో లేచి, మళ్ళీ కూర్చుంటోంది. చేతికి తెలుస్తోందండీ."

నేను తాడు పక్కకు నెట్టి, చక్కు పట్టుకుని ఊపి చూశాను. చక్కు అంటే లేతు ముందు భాగంలో ఇనుమును పళ్ళతో కరిచి పట్టుకునేది. అది ఇరుసు కొసకే బిగించి ఉంటుంది. అది ఇసుమంత కూడా కదలలేదు. "లేవడమూ లేదు గీవడమూ లేదు, నువ్వు తిప్పు," అన్నాను. ఆమె తిప్పింది. ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. లేచి వెళ్ళి చెంబు నింపుకొచ్చుకుంది, అంతే.

ఏడేళ్ళు అలా గడిచాయి. నేను చెక్కిన షాఫ్టు బిగిస్తే తిరుగుతోందో ఆగిందో తెలియదని దెందులూరు దాకా చెప్పుకునేవారు. "ఆ మేస్త్రీ చెయ్యి మంచిదండీ" అని ఎవరైనా అంటే నేను వినపడనట్టు నటించి, ఇంట్లోకి వచ్చి ఆమెతో చెప్పేవాణ్ణి. ఆమె నవ్వి, వడ్డించేది.

ఏడో ఏడాది వానాకాలంలో ఆమె పుట్టింటికి వెళ్ళి చలిజ్వరంతో తిరిగొచ్చింది. తొమ్మిదో రోజున పోయింది. మాకు పిల్లలు లేరు. కర్మలు అయిన మర్నాడు వసారాలోకి వస్తే చక్రం కదలకుండా ఉంది, చెంబులో నీళ్ళు అలాగే ఉన్నాయి. ఆ నీళ్ళు పారబోయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

చక్రం తిప్పడానికి ఒక మనిషిని కుదుర్చుకున్నాను. పాపం అతని తప్పేమీ లేదు, పనిమంతుడే. రెండో రోజున పీట జరుపుకుని దాని మీద కాళ్ళు చాపాడు. నేను అరిచిన అరుపుకి వీధి వీధంతా బయటికొచ్చింది. అతను వెళ్ళిపోయాడు, మళ్ళీ ఎవరూ రాలేదు. నేను గంజి కాచుకోవడం, గిన్నెలోంచే తాగడం, గోడకు ఆనుకుని కూర్చోవడం. రోజుకు పది మాటలు కూడా మాట్లాడేవాణ్ణి కాదు. మాట్లాడితే నా గొంతు నాకే కొత్తగా ఉండేది.

తాడేపల్లిగూడెంలో ఒక రైసు మిల్లు యజమాని ఈ సంగతి విని కబురంపారు. పెద్దాయన, దయగల మనిషి. "మిల్లులో మూల చూపిస్తాను, లేతు తెచ్చుకోవయ్యా మేస్త్రీ. ఇంజనుకి బెల్టు తగిలించావంటే చక్రం తిప్పే బాధే ఉండదు," అన్నారు. లేతును పడవెక్కించాను. చక్రం ఎందుకని పడవ సరంగు అడిగితే దాన్నీ ఎక్కించమన్నాను. ఎందుకో చెప్పలేదు. మిల్లులో దాన్ని గోనెసంచుల వెనక గోడకు చేరేశాను, పీటతో సహా.

మిల్లులో ఇంజను షాఫ్టు నెత్తి మీద, కప్పు దూలాల కింద తిరుగుతూ ఉంటుంది. దాని మీద నుంచి తోలుబెల్టు దిగి వచ్చి నా లేతు కప్పీని పట్టుకుంది. బెల్టు తగిలించగానే లేతు గుయ్యిమని తిరిగింది. ఏడేళ్ళూ ఒక ఆడమనిషి భుజాలు విరగ్గొట్టుకున్నది ఇంత తేలిక పనికా అనిపించి, మనసు చివుక్కుమంది.

నాకు మొదట చెప్పిన పని తౌడు విసిరే పంకాకు షాఫ్టు. చెక్కి ఇచ్చాను. ఇంజను డ్రైవరు బిగించి తిప్పాడు. పంకా చలిజ్వరం వచ్చినట్టు వణికింది. విప్పి తెచ్చి నా ముందు పెట్టి, "అవుటు కొడుతోందండీ," అన్నాడు.

తిరిగేది తన నడిమధ్యన తిరగకుండా ఒక పక్కకు ఒరిగి తిరిగితే మా పనివాళ్ళం అవుటు అంటాం. వెంట్రుక మందం అవుటు చాలు, షాఫ్టు పాడు. నేను రెండోది చెక్కాను. అదీ అంతే. మూడోదీ అంతే.

అవుటు ఎక్కడుందో పట్టుకునే పద్ధతి ఒకటుంది. తిరుగుతున్న ఇనుముకి సుద్దముక్క మెల్లగా దగ్గర పెడితే, ఎత్తుగా ఉన్న చోట మచ్చ పడుతుంది. కడ్డీని విప్పి సగం తిప్పి బిగిస్తే మచ్చ కూడా కడ్డీతోపాటు తిరిగితే, వంకర కడ్డీలో ఉంది. మచ్చ ఎప్పుడూ చక్కు ఒకే పంటి దగ్గరే పడితే, తప్పు చక్కుది. అలా కాక ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ పడుతూ ఉంటే, ఇరుసు కూర్చునే కంచు బేరింగు వదులైందని అర్థం.

నా మచ్చలు ఊళ్ళు తిరుగుతున్నాయి. బేరింగే అనుకున్నాను. మర్నాడు ఇంజను మొదలు పెట్టకముందే, తెల్లవారుతూండగా వెళ్ళి, చక్కు కింద టేకుకర్ర దూర్చి భుజంతో పైకి ఎత్తాను. బేరింగు వదులైతే ఇరుసు టక్కున లేవాలి. ఎంత ఎత్తినా లేవలేదు. ధనుర్మాసపు చలి, కర్ర పట్టుకున్న వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మూడు రోజులు మూడు పొద్దులూ అదే పరీక్ష చేశాను, అదే జవాబు. సరే, బేరింగు బాగుంది. చక్కు విప్పి, కిరసనాయిలుతో కడిగి, దాని మరచుట్లలో ఇరుక్కున్న ఇనుపరజను వేపపుల్లతో తీసి, మళ్ళీ బిగించాను. లాభం లేదు. బాగా నిటారుగా ఉన్న కడ్డీ వెతికి పెట్టాను. లాభం లేదు.

డ్రైవరు ఇదంతా చూస్తూ ఉన్నాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు రోజుకోదాని మీద పెడుతున్నారండీ," అన్నాడు నవ్వుతూ. నేను ఉరిమి చూశాను. అతను నవ్వు ఆపి, "తప్పుగా అనుకోకండి. మనిషి పోయాక కొందరికి చెయ్యి పోతుందండీ. మా బావగారికి అలాగే అయింది," అన్నాడు.

ఇనుము బాగుంది. చక్కు బాగుంది. బేరింగు బాగుంది. ఇక మిగిలింది నేనే. ఆ సాయంత్రం చేతులు రెండూ చాపుకుని చూసుకున్నాను. వణుకుతున్నట్టే ఉన్నాయి. చూసేకొద్దీ ఎక్కువ వణికాయి.

నాలుగో షాఫ్టు కూడా పనికిరాకపోయేసరికి యజమాని నన్ను పక్కకు పిలిచారు. "ముక్కోటి వెళ్ళాక బెజవాడ నుంచి మరో మేస్త్రీ వస్తున్నాడయ్యా, సొంత లేతు తెచ్చుకుంటాడు. నీది పాతదైపోయింది, తూకానికి ఇచ్చేద్దాం. నువ్వెక్కడికీ పోవద్దు. గోడౌనుకి కాపలాగా ఉండు. అన్నానికి లోటు రానివ్వను," అన్నారు.

ఆయన మంచిగానే అన్నారు. తిట్టినా బాగుండేది. ఆమె పోయినప్పుడు కూడా నేనింత ఒంటరివాణ్ణి కాలేదు, అప్పటికి చేతులైనా మిగిలాయి అనుకున్నాను. ఇప్పుడు వాటినీ, లేతునూ ఒకేసారి తీసుకుపోతున్నారు. "చిత్తమండీ," అని వచ్చేశాను.

ముక్కోటి ఏకాదశికి మిల్లు మూసేశారు. ముందు రోజే బళ్ళు కట్టుకుని అందరూ ద్వారకా తిరుమల బయల్దేరారు. డ్రైవరు వచ్చి, "మీరూ రండి, స్వామిని చూస్తే మనసు కుదుటపడుతుందండీ," అన్నాడు. "నన్ను చూస్తే ఆయన కూడా పంకా షాఫ్టు అడుగుతాడు, మీరు వెళ్ళండి," అన్నాను. బళ్ళ చప్పుడు రోడ్డు మలుపు దాకా వినిపించింది. తరవాత మిల్లులో పిచ్చుకలు, నేను.

ఏకాదశి పొద్దున్నే లేతు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. తూకానికి వెళ్ళేలోపు ఒక్కసారైనా తిరిగితే చూడాలనిపించింది. ఇంజను లేదు. అప్పుడు గోనెసంచుల వెనక చక్రం గుర్తొచ్చింది. లేతు పక్కనే పాత ఇంజను తీసేసిన గొయ్యి ఉంది. చక్రాన్ని దొర్లించుకొచ్చి అందులో దింపి, నిలబెట్టి, లేతు కప్పీ మీది బెల్టు తప్పించి పాత జనపతాడు చుట్టాను. అంతా అయ్యాక గానీ తెలివి రాలేదు. తిప్పే మనిషి కావాలి, చెక్కే మనిషి కావాలి. ఉన్నది నేనొక్కణ్ణి.

సరే, చెక్కలేకపోతే చూడనైనా చూస్తాను అనుకున్నాను. ఒక సైకిలు పుల్లను మేకు మీద ఊగేలా బిగించాను. పొట్టి కొస చక్కులో ఉన్న కడ్డీకి ఆనించి, పొడుగు కొస నావైపు ఉంచాను. కడ్డీ దగ్గర వెంట్రుకంత కదిలితే, ఇటు కొస వడ్లగింజంత కదులుతుంది. అది కనబడేలా గోతి పక్కన పీట వేసుకుని, పిడి పట్టుకున్నాను.

ఆ పీట మీద నేనెన్నడూ కూర్చోలేదు. అక్కడి నుంచి చూస్తే లేతు చాలా ఎత్తుగా, పెద్దగా కనిపించింది. పిడి ఆమె అరచేతికి సరిపోయేలా నునుపు తేలి ఉంది, నా చేతికి చిన్నది. తిప్పడం మొదలెట్టాను. నూరు చుట్లకే భుజం పట్టేసింది. ఆమె పొద్దంతా తిప్పేది. "కాస్త వేగంగా తిప్పవే" అని నేను పైనుంచి అనేవాణ్ణి.

సైకిలు పుల్ల కదలలేదు. కడ్డీ నిశ్చలంగా తిరుగుతోంది. నాకు అనుమానమొచ్చి ఇంకా తిప్పాను. నేను చెక్కనప్పుడు కడ్డీ నిలకడగా తిరుగుతోందంటే లేతు బాగానే ఉందన్నమాట, కాబట్టి తప్పు నాదేనన్నమాట అనుకుంటూ, పంతం కొద్దీ తిప్పుతూనే ఉన్నాను. పొద్దెక్కింది. రేకుల కప్పు వేడెక్కింది. ఎండకు తాడు ఆరి కాస్త వదులైంది.

అప్పుడు తగిలింది అరచేతికి. లోపల ఏదో లేచింది. లేచి, కూర్చుంది. మళ్ళీ లేచింది.

పుల్ల కొస ఎగురుతోంది. నేను పిడి వదిలేశాను. "ఏవండీ, మరలో ఏదో లేస్తోందండీ." ఏడేళ్ళ కిందటి మాట. అదే మాట, నా చేతిలోకి వచ్చింది.

లేచి పరుగెత్తి, చక్కు కింద టేకుకర్ర దూర్చి ఎత్తాను. టక్కుమంది. మళ్ళీ ఎత్తాను. ఊగే పన్నులా లేచింది. మరి అన్ని పొద్దులూ ఎందుకు లేవలేదు? బేరింగు మూత తెరిచి వేలు పెట్టి చూస్తే వెచ్చగా, పలచగా ఆముదం. నేను ఎప్పుడూ బేరింగులో పోసేది ఆముదమే, మా నాన్న బండి ఇరుసుకి పోసినట్టు. ధనుర్మాసపు తెల్లవారుజామున అది జిగురుగా చిక్కబడి, అరిగిన సందంతా నింపేసి, కర్రతో ఎత్తినా ఇరుసును కదలనిచ్చేది కాదు. ఇంజనుతో వేగంగా తిరిగి వేడెక్కాక పలచబడి వదిలేసేది. నేను చలిలో పరీక్ష చేసి, వేడిలో పని చేశాను. అప్పటి వేసవిలో కూడా ఆమె మాట విని ఒట్టి చేత్తో ఊపి చూశానే గానీ, ఒక కర్ర దూర్చి ఎత్తి చూసిన పాపాన పోలేదు.

రెండో సంగతి అర్థం కావడానికి నేను మళ్ళీ పీట మీద కూర్చోవలసి వచ్చింది. కుండలోంచి నీళ్ళు తెచ్చి తాడు మీద చిలకరించి, కాసేపు ఆగాను. తాడు బిగిసింది. తిప్పాను. పుల్ల నిలిచిపోయింది. అరచేతికి ఏమీ తగల్లేదు.

బేరింగు కొత్తగా అరగలేదు. తుక్కులోంచి వచ్చిననాడే అరిగి ఉంది. తాడు ఇరుసును కిందికి గుంజి అరిగిన గుంటలో కదలకుండా కూర్చోబెట్టేది. వదులైనప్పుడల్లా అది లేవబోయేది, ఆమె నీళ్ళు చల్లి తాడు బిగించి మళ్ళీ కూర్చోబెట్టేది. మిల్లులో బెల్టు పైకి గుంజేసరికి ఇరుసు ఆ గుంట వదిలేసి, ఏ చోటా నిలవకుండా ఎగిరింది. నా చేతిలో వణుకు ఎప్పుడూ లేదు. నా చేతిలో అంత గొప్పతనమూ ఎప్పుడూ లేదు. దెందులూరు దాకా పాకిన పేరు ఒక చెంబెడు నీళ్ళది.

పీట మీదే కూర్చుని ఏడ్చాను. ఎవరూ లేరు కాబట్టి సిగ్గుపడలేదు. ఎవరూ లేరనే మరింత ఏడ్చాను. నువ్వు చెప్పింది నిజమే అని చెప్పాలంటే లోకంలో ఒక్కరికే చెప్పాలి, ఆ ఒక్కరూ లేరు. నేను వినని మాటను ఆమె మనసులో పెట్టుకోకుండా, ఏడేళ్ళు నీళ్ళు మోసి సర్దింది. ఒక్కనాడైనా "చూశారా" అనలేదు.

తరవాత లేచి పని చేశాను. ఇరుసు విప్పి, ఆముదమంతా కిరసనాయిలుతో కడిగేశాను. కంచు బేరింగు రెండు చెక్కలుగా, అంటే రెండు సగాలుగా ఉంటుంది. కింది చెక్క అద్దంలా మెరుస్తోంది, పై చెక్కకు రాపిడి అంతంతమాత్రం, నల్లగా ఉంది. రెండు చెక్కల మధ్యా ఉన్న ఇత్తడి రేకుల్లో ఒకటి తీసేసి, దాన్నే కత్తిరించి కింది చెక్క అడుగున పరిచాను. దీపం మసి ఆముదంలో రంగరించి ఇరుసుకి పూసి, చెక్కలు బిగించి తిప్పి, విప్పాను. మసి అంటిన చోటే ఎత్తు. అక్కడ మాత్రం ఆకురాయి కొసతో గీకాను. మళ్ళీ పూత, మళ్ళీ బిగింపు, మళ్ళీ గీకుడు. మసి చెక్కంతా సమంగా అంటేసరికి పొద్దు వాలింది. ఈసారి ఆముదం పోయలేదు, ఇంజను ఆయిలు పోశాను.

ద్వాదశి నాటి మధ్యాహ్నానికి బళ్ళు తిరిగొచ్చాయి. ఇంజను వేయించి, బెల్టు తగిలించి, అయిదో షాఫ్టు చెక్కాను. డ్రైవరు పంకాకు బిగించి తిప్పి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. తరవాత వెళ్ళి యజమానిని పిలుచుకొచ్చాడు.

ఆయన పంకా గూడు మీద చెయ్యి పెట్టి చూశారు. ముఖం విప్పారింది. "నీ చెయ్యి నీకు వచ్చేసిందయ్యా మేస్త్రీ! బెజవాడ ఆయన్ని రావద్దని రాసేస్తాను."

"చెయ్యి కాదండీ. లేతులోనే ఉందండీ లోపం. బేరింగు లేస్తోందని నాకు ముందే చెప్పారండీ."

"ఎవరు చెప్పారు?"

"మా ఆవిడండీ."

ఆయన పంకా గూడు మీది చెయ్యి తీసేశారు. "ఎప్పుడు?" అన్నారు మెల్లగా.

"లేతు కొన్న ఏడాదేనండీ. నేనే వినలేదండీ."

ఆయన డ్రైవరు వైపు చూశారు, డ్రైవరు నేలవైపు చూశాడు. "వేళకి అన్నం తింటూండు మేస్త్రీ," అని నా భుజం తట్టి వెళ్ళిపోయారు. చక్రం ఇంకా గోతిలోనే ఉంది. దాన్ని తీసేసి మళ్ళీ గోడకు చేర్చమంటారా అని డ్రైవరు అడిగితే, వద్దన్నాను. తాడు ఆరిపోయి ఉంది. చెంబు తెచ్చుకుని తడిపాను.